నీలం కారు గడప

“ఆ చేతులు మళ్ళీ ఆ కారు మీద పడ్డాయంటే ఈ ఇంట్లో నేనుండను అత్తయ్యా! ఇదుగో, అందరి ముందూ చెబుతున్నాను!”

డాగ్నీ కాఫీ కెటిల్‌ని బల్ల మీద దభీమని పెట్టింది. కప్పులు గలగలలాడాయి. యాలకుల బన్ను తుంచబోతున్న కూతురు స్వేయా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. భర్త హాల్వార్ కిటికీలోంచి సముద్రం వైపు చూపు తిప్పుకున్నాడు. ఇంట్లో ఏ గొడవ వచ్చినా ఆయన చూపు అటే పోతుంది!

అత్తగారు ఇంగెబోర్గ్ మాత్రం తొణకలేదు. వచ్చే వేసవికి ఆమెకు ఎనభై నిండుతాయి. చనిపోయిన భర్త నడిపిన నీలం కారులో ఒక్కసారి చర్చికి వెళ్ళాలని ఆమె కోరిక. కొట్టంలో పట్టా కప్పుకుని పడున్న ఆ కారును బాగుచేయమని చిన్నకొడుకు తూరెని పిలుస్తానని ఇప్పుడే అన్నది. అంతే, కోడలు భగ్గుమంది.

“వాడు గాక ఇంకెవరు చేస్తారే? చిన్నప్పట్నుంచీ రేకు పనిలోనే పెరిగాడు గదా!”

“అవును, పని తెలుసు! తెలిసే చేశాడు! తుప్పు మీద పుట్టీ పూసి, పైన రంగేసి, నా బిడ్డ చేతిలో తాళాలు పెట్టాడు! అత్తయ్యా... మీకు కొడుకు కనిపిస్తున్నాడు. నాకు నా పిల్ల కాలే కనిపిస్తోంది!”

“అమ్మా... ఇక చాలే...” స్వేయా బన్నుని పక్కకి నెట్టేసింది.

“నీకు చాలేమో తల్లీ! నాకు చాల్లేదు. ఆ కారు నేనే బాగుచేస్తాను. ఎవరూ అడ్డురావద్దు!”

అదంతా ఎనిమిదేళ్ళ కిందట రగిలిన మంట. అప్పుడు స్వేయా పందొమ్మిదేళ్ళ పిల్ల. నాట్య పాఠశాలలో చోటు దొరికిందని ఇల్లంతా గంతులేసిన ఏడాది అది. తాతగారి కారు బాగుచేసి మనవరాలికి ఇస్తామని అన్నదమ్ములిద్దరూ మాటిచ్చారు. ఆ పడమటి తీరంలో ఉప్పుగాలికి తోడు చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు! కారు నేల రేకు, తలుపుల కింద గడపలూ ఉల్లిపొరలా పలచబడిపోయాయి. తూరె ఊళ్ళోనే టింకరింగ్ షెడ్డు నడిపేవాడు. వసంతమంతా ఆ కారుతోనే గడిపి, వేసవి మొదట్లో పొరుగు దేశం నార్వేలో పనికని వెళ్ళిపోయాడు. “పూర్తిచేసే వెళ్ళాడు” అన్నాడు హాల్వార్. నడివేసవిలో వచ్చే మిడ్‌సమ్మర్ పండుగనాడు స్వేయా తలమీద పూల కిరీటంతో, హారన్ మోగించుకుంటూ ఆ కారులో ఊరంతా తిరిగింది. ఎంత ముద్దుగా ఉందో!

ఆకులు రాలే రోజుల్లో, వాన పడుతున్న ఒక సాయంత్రం, మలుపులో కారు జారి పక్కవాటుగా బండకు తగిలింది. పెద్ద వేగం కూడా లేదు! మరో కారయితే సొట్ట పడి ఊరుకునేది. ఆ గడప మాత్రం ఎండురొట్టెలా ఫెళ్ళున విరిగింది. ముందు సగం ఊడి బండల్లో పడిపోయింది. తలుపు, నేల రేకు లోపలికి తోసుకొచ్చి స్వేయా ఎడమ కాలిని నుజ్జు చేశాయి... ఆస్పత్రిలో నర్సు బిడ్డ బట్టలు చేతికిస్తే, మడతల్లోంచి గులాబీరంగు పుట్టీ ముక్కలు రాలాయి! అప్పటికే ఊరికి తిరిగొచ్చిన తూరె పరుగు పరుగున వచ్చాడు. డాగ్నీ ఆ ముక్కలు అతని మొహాన కొట్టింది. చెంప ఛెళ్ళుమనిపించింది.

“ఇదేనా నువ్వు చేసిన పని? రేకు ఏది? ఇనుము ఏది? నా బిడ్డను ముద్దపిండిలో కూర్చోబెట్టి పంపావా?”

తూరె ఆ ముక్కల్ని చూశాడు. అన్నగారి మొహం చూశాడు. తల దించుకున్నాడు. ఒక్క మాట... ఒక్కటంటే ఒక్క మాట అనలేదు! తప్పు చేసినవాడికి మాటెలా వస్తుంది, అనుకుంది డాగ్నీ.

ఆనాటి నుంచి ఆమె పగబట్టింది. క్రోక్‌విక్ చిన్న ఊరు. ఒక్క గుమ్మం వదలకుండా ఎక్కి చెప్పింది. తూరె షెడ్డు ముందు ఎవరు కారు ఆపినా ఎదురెళ్ళి, “మా అమ్మాయి నడక చూసొచ్చి, అప్పుడివ్వండి ఇతనికి కారు!” అనేది. షెడ్డు మూతపడింది. కుదిరిన పెళ్ళి చెడింది. తూరె స్కూలు బస్సు నడుపుకుంటూ ఊరి చివర ఒంటరిగా మిగిలాడు. క్రిస్మస్ భోజనానికి కూడా అతన్ని గుమ్మం తొక్కనివ్వలేదు డాగ్నీ. అయినా ఆమె కడుపుమంట చల్లారలేదు! చేపల ఫ్యాక్టరీలో ఉద్యోగం మానేసి, టౌనుకి వెళ్ళి రేకు పని నేర్చుకుంది. ఎందుకని అడిగినవాళ్ళకి “పొట్టకూటికి” అనేది. నిజానికి, ఆ మోసాన్ని ఒకనాడు తన చేతులతో కోసి బయటపెట్టాలని!

ఇప్పుడా రోజు వచ్చింది.

చలికాలమంతా ఆమెకు కొట్టమే ఇల్లయింది. పట్టా లాగేసిన రోజున ఆ నీలం రంగు చూసి ఆమె బానెట్ మీద తలవాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని సుత్తి పట్టింది. కొడుతూ పోతే రేకే చెబుతుంది... గట్టిచోట ఖంగుమంటుంది, పుచ్చినచోట గుమ్మడికాయలా బొదబొదమంటుంది. బొదబొదమన్నచోటల్లా కోసేసింది. అట్టముక్క మీద కొలత గీసుకుని, కొత్తరేకు కత్తిరించి, వెనక ఇనప దిమ్మ ఆనించి వంపు తిరిగేదాకా కొట్టింది. పలచని రేకుకి వేడి తగిలితే వంకర్లు పోతుంది, కన్నాలు పడుతుంది. ఒక చుక్క ఇక్కడ, ఒక చుక్క అక్కడ వెల్డింగ్ పెట్టి, తడిగుడ్డ వేసి, చల్లారాక మళ్ళీ ఒక చుక్క. “చుక్క చుక్కకీ నీ పేరే తలుచుకుంటున్నా తూరె... చూస్తూ ఉండు!” అని పళ్ళు కొరికేది.

కుడిపక్క అంతా పూర్తయింది. నలిగిన ఎడమ తలుపును కొట్టి సరిచేసింది. కానీ ఎడమ గడపలో మిగిలిన వెనక సగాన్ని మాత్రం ముట్టుకోలేదు. పైన రంగు, కింద పుట్టీ, లోపల మోసం... అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచింది. అత్తగారి పుట్టినరోజున, చుట్టపక్కాలందరి ఎదుట, తూరెని పక్కన నిలబెట్టి మరీ దాన్ని కోస్తుంది! అప్పటికిగాని తన పగ తీరదు!

హాల్వార్ రెండు మూడుసార్లు కొట్టం గుమ్మం దాకా వచ్చాడు. ఆయనది చెక్క పడవలు కట్టే పని. ఒంటినిండా రంపపు పొట్టుతో అక్కడే తచ్చాడేవాడు.

“ఆ తుక్కుని అప్పుడే అమ్మేద్దామన్నాను. అమ్మ పడనివ్వలేదు... వదిలెయ్యి డాగ్నీ. అది చూస్తే నా గుండె తరుక్కుపోతుంది.”

“నాకు తరుక్కుపోవడం లేదా? నువ్వు పడవల పక్కన దాక్కుని ఏడువు. నేనిక్కడ ఏడుస్తా!”

ఆయన ఏదో అనబోయేవాడు. పెదాలు కదిలేవి. మళ్ళీ వెళ్ళిపోయేవాడు. బిడ్డ మీద బెంగ అనుకుని పాపం అనిపించేది ఆమెకి... అదే, అదే తర్వాత తలుచుకుంటే ఒళ్ళు మండిపోయింది!

పుట్టినరోజు రానే వచ్చింది. పెరట్లో జెండా ఎగరేశారు. బల్ల మీద రొయ్యలు, గుడ్లు పరిచిన బ్రెడ్డు కేకు. ఇరుగుపొరుగులు, పినతండ్రి పిల్లలు, చర్చి పాటలవాళ్ళు అందరూ వచ్చారు. తూరె గేటు దగ్గరే నిలబడిపోయాడు. తనంతట తనే ఫోన్ చేసి “తప్పకుండా రావాలి” అని పిలిచింది డాగ్నీ! నమ్మలేక, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చేతిలో పూలు పట్టుకుని వచ్చాడు.

“బాబాయ్!” స్వేయా చేతికర్ర ఊతంతో గబగబా ఎదురెళ్ళింది.

“ఏమే బుజ్జిపిట్టా! నా బస్సు కంటే స్పీడుగా వస్తున్నావే!”

ఆ పిల్ల నవ్వింది. ఆ నవ్వు డాగ్నీ గుండెల్లో కారం చల్లినట్టయింది. నవ్వుకో తూరె, ఇంకాసేపే!

పాటలు పాడారు, హుర్రేలు కొట్టారు. కారును పెరట్లోకి తోసుకొచ్చి ఉంచారు. డాగ్నీ తోలు ఆప్రాన్ కట్టుకుని, గ్రైండర్ చేతిలోకి తీసుకుని మధ్యలో నిలబడింది.

“అత్తయ్యా, మీ కారు ఇంకొక్క చోట మిగిలింది. ఎడమ గడప. దాన్ని ఎవరు చేశారో వాళ్ళ చేతే కోయిద్దామని ఉంచాను. రా తూరె! నీ పనితనం నలుగురూ చూడొద్దూ?” గ్రైండర్ అతని వైపు చాచింది.

తూరె మొహంలో నెత్తురుచుక్క లేదు.

“వద్దు వదినా... నీకు దణ్ణం పెడతా. దీన్నిలా వదిలెయ్యి. కావాలంటే ఇంకో ఎనిమిదేళ్ళు తిట్టు. పడతాను.”

“భయమేస్తోందా?”

“అవును వదినా... భయమే. కానీ నా కోసం కాదు.”

“డాగ్నీ, అమ్మ పుట్టినరోజు...” హాల్వార్ గొంతు కీచుమంది. “ఈ రోజు మాత్రం...”

“నువ్వుండు! తమ్ముడి మీద ఇప్పుడు పొంగుకొచ్చిందా ప్రేమ?”

డాగ్నీ చేతిలోనే గ్రైండర్ గీపెట్టింది. నీలం రంగు చిట్లింది, గులాబీ దుమ్ము పొగలా లేచింది. పుట్టీ పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. ఇంకా లోపలికి పోతే... ఇదేమిటి? జిగురుతో బిగిసిపోయిన పీచుగుడ్డ! పడవ అడుగు చిల్లిపడితే అతికించే గుడ్డ! ముప్పైయేళ్ళుగా భర్త ఒంటిమీద తను పీల్చిన జిగురు వాసన ఆ వేడికి గుప్పున కొట్టింది. అయినా డాగ్నీ ఆగలేదు. గుడ్డని పీకి పారేసింది.

కింద రేకుముక్కలు, ఒకదాని అంచు మీదకి ఒకటి ఎక్కించి... పడవ పలకల్లాగా! వాటి వెంట వరసగా రాగి మేకులు. ప్రతి మేకు కొన కిందా చిన్న రాగి బిళ్ళ పెట్టి, తలకొట్టి, నున్నగా నొక్కి ఉంది. చుట్టూ ఉన్న ఇనుమంతా నల్లగా బుగ్గయిపోయింది. ఉప్పునీళ్ళ ఊళ్ళో రాగినీ ఇనుమునీ కలిపి ఉంచకూడదని, రాగి ఇనుమును తినేస్తుందని పడవలవాళ్ళ ఇంట్లో పసిపిల్లలకి కూడా తెలుసే! రేకు పనివాడెవడూ కారుకి రాగి మేకు కొట్టడు. ఆ మేకు తలలు అలా నొక్కే చెయ్యి ఈ ఊళ్ళో ఒక్కటే ఉంది... పెళ్ళినాడు ఆ చెయ్యి పట్టుకునే తను చర్చిమెట్లు దిగింది!

గ్రైండర్ ఆగిపోయింది. డాగ్నీ లేచి, మొగుడి వైపు తిరిగింది.

“హాల్వార్... ఇది ఎవరి చెయ్యి?”

ఆయన చూపు సముద్రం వైపు పోయింది.

“ఎవరి చెయ్యని అడుగుతున్నాను!”

హాల్వార్ బెంచీ మీద కూలబడ్డాడు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. “తూరె చెప్పే వెళ్ళాడు... ఎడమ గడప మొత్తం కోసి కొత్తది వెయ్యాలి, నేనొచ్చేదాకా కారు తీయొద్దని. పిల్లకి పండక్కి ఇస్తానని మాటిచ్చాను డాగ్నీ! అది రోజూ క్యాలెండర్ చూసుకునేది... ఒక్క వేసవే గదా, వాడొచ్చాక తీయించేద్దాం అనుకున్నా. వాడితో టౌనులో చేయించానని చెప్పా. మీతో వాడే చేశాడని చెప్పా...”

“తర్వాత? ఆస్పత్రిలో? నా చెయ్యి నీ తమ్ముడి చెంప మీద పడ్డప్పుడు?”

“నోరు పెగల్లేదు... మర్నాడు చెబుదామనుకున్నా. మర్నాడు నువ్వు ఊరంతా తిరగడం మొదలెట్టావు... ఆ తర్వాత ఎలా చెప్పను?”

డాగ్నీ తూరె వైపు తిరిగింది. “నీకు తెలుసా?”

“ఆ పుట్టీ ముక్కలు చూడగానే తెలిసింది వదినా. అన్నయ్య మొహం చూశాక ఇంకేం మిగిలింది?” తూరె పూలగుత్తిని ఇంకా పట్టుకునే ఉన్నాడు. “నువ్వప్పటికే నన్ను కొట్టేశావు. నిజం చెబితే నువ్వు ఇల్లు వదిలి పోతావు. పిల్లకి కాలుతోపాటు ఇల్లు కూడా విరగాలా అనుకున్నా... ఇన్నేళ్ళు సాగుతుందనుకోలేదు.”

ఇంగెబోర్గ్ కుర్చీలోంచి మెల్లగా లేచింది. పెద్దకొడుకు ముందుకి వచ్చి నిలబడింది. కన్నీళ్ళు లేవు, గొంతులో జంకు లేదు. “ప్రతి క్రిస్మస్‌కీ నీ తమ్ముడి కుర్చీ ఖాళీగా ఉంటే, నువ్వు ఆ పక్కనే కూర్చుని దుంపలు తిన్నావురా! నీకు గొంతు ఎలా దిగిందిరా నాయనా?”

స్వేయా ఒక్కసారి బావురుమంది. “కాలు కోసం నేను ఒక్క చలికాలం ఏడ్చాను నాన్నా! బాబాయి కోసం ఇప్పటికీ ఏడుస్తున్నాను! నాకొక్కదానికైనా చెప్పి ఉంటే... పండక్కి కారు ఇవ్వాలనే తొందరలో చేశానని ఒక్క మాట చెప్పి ఉంటే నేను అప్పుడే నీ మెడ కౌగిలించుకునేదాన్ని గదా!”

చుట్టాలు ఒక్కరొక్కరే జారుకున్నారు. కేకు మీద ఈగలు వాలాయి. హాల్వార్ భార్య కాళ్ళ దగ్గరికి వంగబోయాడు. డాగ్నీ వెనక్కి అడుగేసింది.

“నన్ను ముట్టుకోకు! నీ ఏడుపుతో నాకేం పని? విను. ఏ గుమ్మాల ముందు నేను తూరె పేరు చెప్పానో, ఆ గుమ్మాలన్నిటి ముందూ నువ్వు నిలబడి నీ పేరు చెప్పాలి. నీ నోటితో! నేను పక్కనే ఉంటాను. ఒక్క ఇల్లు తప్పించావో... నీ మొహం చూడను!”

“ఊళ్ళో తలెత్తుకోలేను డాగ్నీ...”

“మీ తమ్ముడు ఎత్తుకున్నాడా?”

మర్నాటి నుంచి క్రోక్‌విక్ ఆ వింత చూసింది. ముందు మొగుడు, రెండడుగుల వెనక పెళ్ళాం. బేకరీ, చేపల రేవు, పాస్టరు ఇల్లు, కొండమీది ఇళ్ళ వరస. “స్వేయా కారుకి గడప వేసింది తూరె కాదు, నేను. తుప్పు కప్పెట్టింది నేను. అబద్ధం చెప్పింది నేను.” మొదటి గుమ్మం దగ్గర ఆ మాటలు వింటుంటే డాగ్నీకి దాహం తీరినట్టుంది. చెవులారా వింది! గొణిగితే “గట్టిగా!” అంది.

కానీ ముందుకి పోతున్నకొద్దీ ఆ తీపి తగ్గింది. జనం హాల్వార్‌ని చూసి, తర్వాత ఆమెని చూసేవాళ్ళు. లైట్‌హౌసు ముసలామె సిగ్నె తలుపు తీసి, అంతా విని, నిట్టూర్చింది. “ఆనాడు నువ్వు వచ్చి చెబితే డాగ్నీ, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి నమ్మాను. తూరె ఎదురొస్తే రోడ్డు దాటిపోయేదాన్ని. ఇప్పుడు ఆ పాపం ఎవరి పొయ్యిలో వెయ్యమంటావు?”

డాగ్నీ తలుపు ముందు నుంచి పక్కకి తప్పుకుంది.

చివరికి ఊరి చివర తూరె ఇల్లు మిగిలింది. అతను మెట్ల మీద కూర్చుని బూట్లు తుడుచుకుంటున్నాడు. హాల్వార్ నోరు తెరవగానే చెయ్యెత్తి ఆపాడు.

“నాకు తెలిసింది నాకెందుకు చెబుతావ్ అన్నయ్యా? నిన్ను అప్పుడే వదిలేశాను. పో, ఇంటికి పో.”

హాల్వార్ కళ్ళు తుడుచుకుంటూ వెనుదిరిగాడు. గేటు దగ్గర డాగ్నీ ఒక్కతే మిగిలింది.

“తూరె... నేను... నీ షెడ్డు, నీ పెళ్ళి... నా ఈ చేతులతో...” మోకాళ్ళ మీద కూలిపోయి భోరుమంది.

తూరె వచ్చి లేవనెత్తలేదు. బూటు తుడవడం ఆపి, గుడ్డ పక్కన పెట్టాడు.

“అన్నయ్య సంగతి వేరు వదినా. వాడు పిరికివాడు, చిన్నప్పట్నుంచీ అంతే. నువ్వు మాత్రం... ఒక్కసారి నన్ను అడగలేదు. ‘తూరె, నువ్వేనా?’ అని ఒక్కసారి! చెప్పేవాణ్ణి కాదేమో. కానీ నువ్వడగలేదు. అది నాకింకా పోలేదు. పోయిందని అబద్ధం చెప్పలేను.”

ఆ మాట కొరడాలా తగిలింది. అయినా అందులో అబద్ధం లేదు! ఆమె తలూపి, లేచి, మట్టి దులుపుకుని ఇంటిదారి పట్టింది.

“గడప ఒక్కదానివి వెయ్యలేవు,” వెనక నుంచి వినిపించింది. “అవతల పట్టుకునే మనిషి కావాలి. బస్సు పెట్టేశాక వస్తాను.”

వచ్చాడు. మాటల్లేవు. సుత్తి ఇమ్మంటే ఇవ్వడం, పట్టుకోమంటే పట్టుకోవడం. రాగి మేకులు పుచ్చబెట్టిన ఇనుమంతా కోసి, కొత్త గడప నిలబెట్టి, అతను దిమ్మ ఆనిస్తే ఆమె చుక్కలు పెట్టింది. స్వేయా గుమ్మంలో కూర్చుని ఇద్దరికీ కాఫీ పోసేది. “మీ ఇద్దరికీ మాటలకి కూడా తుప్పు పట్టిందా?” అని కసిరేది. ఒకనాడు తూరె ఫక్కున నవ్వేశాడు. డాగ్నీ వెల్డింగ్ ముసుగు దించుకుని, దాని వెనక ఏడ్చింది. హాల్వార్ బట్టలు సర్దుకుని పడవల కొట్టానికి మారిపోయాడు. ఆమె పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు.

బర్చ్ చెట్ల ఆకులు పసుపుబారుతున్న ఆదివారం ఇంగెబోర్గ్ కోరిక తీరింది. నీలం కారు తూరె నడిపాడు. పక్కన తల్లి, వెనక డాగ్నీ, స్వేయా. “మీ నాన్న ఇంకా మెల్లగా నడిపేవాడురా!” అని ముసలావిడ దారంతా సణిగింది.

చర్చి గోడ దగ్గర హాల్వార్ ఒంటరిగా నిలబడి ఉన్నాడు. కోటు గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు. కారును చూసి, దగ్గరికి రావాలో వద్దో తెలియక అక్కడే ఆగిపోయాడు. డాగ్నీ గుండె మళ్ళీ ఇనుములా బిగుసుకుంది. అలాగే ఉండనీ! అందరూ లోపలికి పోయాక, చివరి వరసలో ఒక్కడూ కూర్చోనీ!

స్వేయా తలుపు తీసుకుని దిగింది. చేతికర్ర సరిచేసుకుంది. అమ్మ వైపు ఒక్కసారి చూసి, గోడ వైపు అడుగులు వేసింది... ఒక్కొక్క అడుగే, ఎడమ కాలు ఈడ్చుకుంటూ.

ఆ పిల్లను పేరు పెట్టి వెనక్కి పిలవాలనిపించింది డాగ్నీకి. పిలుపు నాలుక చివరిదాకా వచ్చింది!

పిలవలేదు. అత్తగారి చెయ్యి పట్టుకుని చర్చిమెట్లు ఎక్కించింది.